గుంటగలగర, గడ్డిచామంతి: పోలికలు, భేదాలు

గుంటగలగర, గడ్డిచామంతి ఆస్టరేసి కుటుంబానికి చెందిన రెండు చిన్న పూలమొక్కలు. మొదటిదాని శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రేటా, రెండవదానిది ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ రెండూ కనిపించని ఊరు అరుదు. రెండూ నేలబారుగా పాకుతాయి, కణుపుల దగ్గర వేళ్ళు దింపుతాయి. రెండింటి ఆకులూ ఎదురెదురుగా పుడతాయి, తాకితే గరుకుగా ఉంటాయి. పువ్వు రంగు అడిగితే రెండింటికీ ‘తెలుపు’ అనే జవాబే వస్తుంది. జుట్టుకు రాసే నూనెల్లోనూ, దెబ్బలకు వేసే పసరు మందుల్లోనూ రెండింటి పేర్లూ వినిపిస్తాయి. ఇన్ని పోలికలు కలవడంతో ఒకదాని బదులు మరొకటి కోసుకురావడం, అమ్మడం, నూరడం జరుగుతూనే ఉంది.

నిజానికి ఈ రెండూ వేర్వేరు ప్రజాతుల మొక్కలు. వాటి పువ్వు నిర్మాణం, గింజ, రసం, రసాయనాలు, పెరిగే నేల అన్నీ వేరు. ఏదో ఒక్క లక్షణం చూసి తేల్చుకునేవారు పొరబడతారు. ఆకు అతుకు, పూకాడ పొడవు, పువ్వు, కాయ, రసం అనే అయిదింటినీ కలిపి చూస్తే అనుమానానికి తావుండదు.

పేర్లు, వర్గీకరణ

గుంటగలగరను గుంటకలగర, గుంటగరగరాకు అని కూడా పిలుస్తారు. సంస్కృతంలో భృంగరాజం, కేశరాజం, మార్కవం అన్నవి దీని పేర్లు. తమిళులు కరిసలాంకణ్ణి, మలయాళీలు కయ్యోన్ని, హిందీ వారు భాంగ్రా అంటారు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1753లో దీన్ని వెర్బెసినా అనే ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అన్న పేరును 1771లో ఆయనే స్థిరపరిచాడు. మందుల సీసాలపైనా, ఆయుర్వేద పుస్తకాల్లోనూ తరచు కనిపించే ఎక్లిప్టా ఆల్బా దీనికే మరో పేరు. అది వేరే మొక్క కాదు.

గడ్డిచామంతికి గాయపాకు, పలకాకు, నల్లారం వంటి పేర్లు ప్రాంతాన్ని బట్టి వాడుకలో ఉన్నాయి. బడిపిల్లలు పలకలు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఈ ఆకునూ బొగ్గునూ కలిపి పలకకు రుద్ది నలుపెక్కించేవారు. దీనికి కూడా లిన్నేయస్ 1753లోనే నామకరణం చేశాడు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు దీని పుట్టిల్లు. మన దేశానికి తరువాతి కాలంలో వచ్చి చేరింది. అందువల్ల ప్రాచీన సంస్కృత వైద్య గ్రంథాలు చెప్పిన భృంగరాజం గడ్డిచామంతి అయ్యే అవకాశం లేదు.

పూర్వపు వర్గీకరణలో ఈ రెండింటినీ పొద్దుతిరుగుడు తెగలోనే ఉంచేవారు. జన్యు ఆధారాలు చేరాక గుంటగలగర ఆ తెగలోనే నిలిచింది, గడ్డిచామంతి మిల్లెరియే అనే పొరుగు తెగకు మారింది. బంధుత్వం ఉన్నా అది దగ్గరి బంధుత్వం కాదన్నమాట.

ఒక పువ్వు కాదు, పూల గుంపు

ఆస్టరేసి పూలమొక్కల కుటుంబాల్లో అతి పెద్దవాటిలో ఒకటి. 25 వేలకు పైగా జాతులు ఇందులో ఉన్నాయి. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, వెర్రినువ్వులు అన్నీ ఈ కుటుంబంలోవే. వీటిలో మనం పువ్వు అని పిలిచేది నిజంగా ఒక పువ్వు కాదు. ఒకే పీఠం మీద దగ్గర దగ్గరగా అమరిన ఎన్నో చిన్న పువ్వుల సముదాయం. దీన్ని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు, సులువుగా పుష్పశీర్షం అనవచ్చు.

పుష్పశీర్షం అంచున రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు. మధ్యలో గుండ్రంగా నిండి ఉండే సన్నని గొట్టాల వంటివి బింబ పుష్పకాలు. మొత్తం శీర్షాన్ని కింది నుంచి పట్టి ఉంచే పచ్చని పుచ్ఛాల వరుసను పుచ్ఛావళి అంటారు. ఒక్కొక్క పుష్పకం నుంచి ఒక్కొక్క పొడి కాయ వస్తుంది. వాడుకలో దాన్నే గింజ అంటాం, వృక్షశాస్త్రంలో సిప్సెలా ఫలం అంటారు. కొన్ని జాతుల్లో ఈ కాయ తలపై వెంట్రుకల కుచ్చు ఉంటుంది, దాన్ని కేశగుచ్ఛం అంటారు. గుంటగలగరనూ గడ్డిచామంతినీ విడదీసే బలమైన ఆధారం ఈ కేశగుచ్ఛమే.

గుంటగలగర స్వరూపం

ఇది ఏకవార్షిక మొక్క. తేమ తగ్గని చోట ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది. నేలమీద పాకుతూనో, కొమ్మలు పైకెత్తి సుమారు 30 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు వరకో పెరుగుతుంది. కాడ గుండ్రంగా ఉండి, తరచు ఎర్రగానో ఊదాగానో కనిపిస్తుంది. కాడ మీదా ఆకుల మీదా తెల్లని పొట్టి నూగు చర్మానికి అతుక్కుని ఒకే దిక్కుకు వాలి ఉంటుంది. వేలితో కొస నుంచి మొదలుకు రాస్తే గరుకుదనం బాగా తెలుస్తుంది.

ఆకులకు తొడిమ ఉండదు, ఉన్నా లేనట్టే ఉంటుంది. ఆకు నేరుగా కాడకు అతుక్కుంటుంది. సన్నగా, పొడవుగా, రెండు కొసలూ మొనదేలి, 2 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అంచు నున్నగా ఉంటుంది, లేదా అక్కడక్కడ చిన్న చిన్న పళ్ళు ఉంటాయి. లోతైన చీలికలు ఎప్పుడూ ఉండవు.

పుష్పశీర్షాలు ఆకుల చంకల్లో, కొమ్మ చివర్లలో ఒంటిగానో జంటగానో వస్తాయి. శీర్షం వెడల్పు సెంటీమీటరు లోపే. పూకాడ చాలా పొట్టిది, బాగా పెరిగినా కొద్ది సెంటీమీటర్లకు మించదు. అంచున తెల్లని కిరణ పుష్పకాలు చాలా ఉంటాయి. అవి ఒకటికి మించిన వరుసల్లో సన్నని దారాల్లా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఒక్కొక్క రేకును వేరుగా లెక్కపెట్టడం కష్టం. మధ్యలోని బింబ పుష్పకాలు కూడా తెల్లనివే, వాటికి నాలుగేసి తమ్మెలు ఉంటాయి.

పూత అయ్యాక శీర్షం రాలిపోదు. ఆకుపచ్చని గుండ్రని బిళ్ళలా మారి, లోపల కాయలు చిన్న పొద్దుతిరుగుడు పళ్ళెంలో గింజల్లా బిగుతుగా పేర్చుకుని ఉంటాయి. పండాక నల్లగానో గోధుమ నలుపుగానో మారతాయి. కాయ 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల పొడవుతో, నొక్కినట్టు బల్లపరుపుగా, ఒంటి మీద చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది. తలపై కేశగుచ్ఛం ఉండదు.

గడ్డిచామంతి స్వరూపం

ఇది పలుచోట్ల ఏడాదికి మించి బతికే మొక్క. కాడలు నేలమీద పరుచుకుని, కొసలు మాత్రం 15 నుంచి 40 సెంటీమీటర్ల మేర పైకి లేస్తాయి. ఒంటినిండా నూగు ఉంటుంది. గుంటగలగర నూగులా అతుక్కుని కాక, పొడవుగా నిలిచి కంటికి కనిపిస్తుంది.

ఆకుకు పొట్టిదే అయినా స్పష్టమైన తొడిమ ఉంటుంది. ఆకు మొదట్లో వెడల్పుగా ఉండి కొసకు సన్నబడుతుంది. అంచు ఎగుడుదిగుడుగా, పెద్ద పెద్ద పళ్ళతో, కొన్నిసార్లు తమ్మెలుగా చీలి ఉంటుంది. కాస్త మందంగా, రెండు వైపులా నూగుతో ఉంటుంది.

గడ్డిచామంతిని దూరం నుంచే పట్టిచ్చేది పూకాడ. ఆకుల గుబురు నుంచి ఆకుల్లేని సన్నని కాడ 10 నుంచి 30 సెంటీమీటర్ల వరకు నిటారుగా లేచి, చివర ఒకే ఒక్క పుష్పశీర్షాన్ని మోస్తుంది. శీర్షం వెడల్పు 1 నుంచి 2 సెంటీమీటర్లు. అంచున కిరణ పుష్పకాలు 3 నుంచి 6, ఎక్కువగా అయిదు. ఒక్కొక్కటి వెడల్పుగా ఉండి కొసన రెండు మూడు పళ్ళుగా చీలుతుంది. రంగు మీగడ తెలుపు నుంచి లేత పసుపు వరకు. మధ్యలోని బింబ పుష్పకాలు పచ్చని పసుపు రంగులో ఉంటాయి, వాటికి అయిదేసి తమ్మెలు.

కాయ సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుతో, నూగుతో, నల్లగానో గోధుమ రంగులోనో ఉంటుంది. తలపై ఈకల్లా చీలిన పొడవాటి వెంట్రుకలు కుచ్చుగా విచ్చుకుంటాయి. పండిన శీర్షం తెల్లబూడిద రంగు బంతిగా మారి, గాలి తగలగానే కాయలు ఒక్కొక్కటే లేచిపోతాయి.

ఇంటర్మీడియట్, డిగ్రీ వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో ఆస్టరేసి కుటుంబానికి నమూనాగా ఎక్కువగా కోసి చూపించేది ఈ మొక్కనే. ఏ కళాశాల ఆవరణలోనైనా దొరకడం, కిరణ, బింబ పుష్పకాలు పెద్దవిగా ఉండి సూదితో సులువుగా విడదీయగలగడం అందుకు కారణాలు.

పొలంలో తేల్చుకునే వరుస

మొదట పూకాడ చూడాలి. ఆకులకు చాలా పైన, జానెడు కాడ మీద ఒంటిపువ్వు నిలబడితే అది గడ్డిచామంతి. పువ్వు ఆకుల మధ్యనే పొట్టి కాడతో ఒదిగి ఉంటే గుంటగలగర కావచ్చు.

తరువాత పువ్వు మధ్య భాగం. అంచు తెల్లగా ఉన్నా మధ్యలో పసుపు ఉంటే గుంటగలగర కాదు. గుంటగలగర పువ్వు అంచూ మధ్యా తెల్లగానే ఉంటుంది. తెల్లపువ్వు అన్న మాట వినగానే ఆగిపోకుండా మధ్య రంగు అడిగితే సగం తికమక అక్కడే పోతుంది.

మూడవది ఆకు అతుకు. తొడిమ లేక కాడకు అంటుకున్న సన్నని ఆకు గుంటగలగరది. తొడిమతో, పెద్ద పళ్ళ అంచుతో ఉన్న వెడల్పు ఆకు గడ్డిచామంతిది. పూత లేని మొక్కను గుర్తించడానికి ఇదే ముఖ్య ఆధారం. అయితే నీడలో పెరిగిన మొక్కల ఆకుల ఆకారం కొంత మారుతుంది, అందుకే ఆకు ఒక్కటే సరిపోదు.

నాలుగవది కాయ. పండిన శీర్షాన్ని అరచేతిలో నలిపితే నల్లని కాయలు నూలుపోగు కూడా లేకుండా రాలితే గుంటగలగర. ఒక్కొక్క కాయా వెంట్రుకల కుచ్చుతో విడివడితే గడ్డిచామంతి. నేల, నీడ, నీరు మారినా ఈ లక్షణం మారదు. కాయ దొరికితే తీర్పు కాయదే.

అయిదవది రసం. గుంటగలగర లేత కాడను తుంచి వేళ్ళ మధ్య నలిపితే వచ్చే పసరు గాలి తగిలిన కొద్దిసేపటికే నల్లబడుతుంది, వేలికి మరక పడుతుంది. పచ్చబొట్టుకూ, జుట్టు రంగుకూ పూర్వం దీన్ని వాడింది ఈ గుణం వల్లనే. గడ్డిచామంతి పసరు ఇంత త్వరగా, ఇంత గాఢంగా నల్లబడదు.

ఉనికి, వ్యాప్తి

గుంటగలగర నీటిని వదలని మొక్క. వరి మడి గట్లు, పంట కాలువల అంచులు, చెరువు శిఖాలు, బోదెలు, బోరింగు దగ్గర నీళ్ళు నిలిచే గుంటలు దీని చోట్లు. కేశగుచ్ఛం లేని కాయలు గాలికి ఎగరలేవు. అవి నీటి వెంట, బురద వెంట, పనిముట్ల వెంట సాగిపోతాయి. మొలవడానికి ఈ గింజకు వెలుతురు కావాలి, అందువల్ల నేల పైపొరలో ఉన్నవే ఎక్కువగా మొలుస్తాయి. దుక్కిలో లోతుకు పోయినవి మొలవలేవు. నారు నాటకుండా నేరుగా విత్తే వరి చేలల్లో గుంటగలగర మొండి కలుపుగా మారడానికి ఇది ఒక కారణం. అక్కడ తొలి రోజుల్లో మడిని ముంచి ఉంచే నీరు ఉండదు, పైపొరలో గింజ వెలుతురు చూస్తుంది.

గడ్డిచామంతిది మెట్ట నేల. ఎండ బాగా పడే బాటల పక్కలు, బీడు భూములు, రైలు కట్టలు, మెట్ట చేలు, ఇళ్ళ ముందరి ఖాళీ జాగాలు, గోడ పగుళ్ళు దీనికి సరిపోతాయి. గాలికి ఎగిరే కాయలు దీన్ని ఉష్ణమండలమంతటా చేర్చాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఇది ప్రభుత్వం నిషేధించిన హానికర కలుపు మొక్కల జాబితాలో ఉంది. మన దగ్గర మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తూ చిన్న సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు తేనె అందిస్తుంది.

నేల ఒక సూచన మాత్రమే, రుజువు కాదు. వర్షాకాలంలో తడిసిన బాట పక్కన గుంటగలగర మొలవవచ్చు. ఎండిన గట్టు మీద రెండూ పక్కపక్కనే ఉండవచ్చు.

తికమక పెట్టే ఇతర మొక్కలు

పచ్చ గుంటగలగర అని పిలిచే స్ఫాగ్నెటికోలా కేలెండ్యులేసియా తడి నేలల్లో పెరుగుతుంది. దాని పువ్వు అంచూ మధ్యా పసుపే. బెంగాలు ప్రాంతంలో దీన్ని భృంగరాజంగా వాడే ఆచారం ఉంది. సంస్కృత నిఘంటువుల్లో తెలుపు, పసుపు, నీలం అని మూడు భృంగరాజాల ప్రస్తావన ఉంది కాబట్టి ఆ ఆచారానికి శాస్త్రాధారం చూపుతారు.

నగరాల్లో రోడ్డు మధ్య డివైడర్ల మీద, పార్కుల్లో నేలను కప్పడానికి పెంచే పసుపు పూల తీగ మరొకటి. అది స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ఆకు మెరుస్తూ మూడు తమ్మెలుగా ఉంటుంది. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన ఈ మొక్క, ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. ఇది మందు మొక్క అనుకుని కోయకూడదు.

పూత లేనప్పుడు పొన్నగంటి కూర కూడా గుంటగలగరలా అనిపిస్తుంది. అదీ తడి నేలలోనే, ఎదురెదురు ఆకులతో పాకుతుంది. అయితే దాని ఆకు నున్నగా ఉంటుంది, తెల్లని పూల గుత్తులు కాడ లేకుండా ఆకు చంకల్లో అతుక్కుంటాయి. అది తోటకూర కుటుంబపు మొక్క.

ఇదే ఆస్టరేసి కుటుంబంలోని వయ్యారిభామ, అంటే పార్థీనియం, చిన్న తెల్లపూలతో కొత్తవారిని మభ్యపెట్టవచ్చు. దాని ఆకులు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటి పుడతాయి, క్యారెట్ ఆకులా సన్నగా చీలి ఉంటాయి. తాకితే చర్మం మీద దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని వేరుగా పోల్చుకోవడం మరీ అవసరం.

వైద్యంలో, ఇంట్లో వాడుక

గుంటగలగర రసం కలిపి కాచిన భృంగరాజ తైలం, నీలి మొక్కతో కలిపి చేసే నీలిభృంగాది తైలం జుట్టుకు పేరుపొందినవి. కాలేయ వ్యాధులకు సంప్రదాయ వైద్యం దీన్ని వాడుతుంది. భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో భృంగరాజానికి ఆధారం ఈ మొక్కే. ఇళ్ళల్లో ఆకును పప్పులోనో పచ్చడిలోనో వేస్తారు. రసంలో తడిపి ఎండబెట్టిన గుడ్డను వత్తిగా వెలిగించి కాటుక పట్టడం పాత అలవాటు.

గడ్డిచామంతి పల్లెల్లో ప్రథమ చికిత్స. కొడవలి తెగినా, ముల్లు గీసినా ఆకు నలిపి పసరు పిండడం రైతు కుటుంబాలకు తెలుసు. గాయాలు మానే తీరుపై దీని ప్రభావాన్ని జంతువులపై ప్రయోగాల్లో పరిశీలించారు. అంతమాత్రాన లోతైన గాయానికి శుభ్రత, ధనుర్వాతం టీకా, వైద్యుని చికిత్సల బదులు ఇది చాలదు.

కొందరు వైద్యులు గడ్డిచామంతినే భృంగరాజంగా ఇచ్చే అలవాటు దేశంలో కొన్నిచోట్ల ఉంది. ఇక్కడే గుర్తింపు అత్యవసరమవుతుంది. గుంటగలగరలో వెడెలోలాక్టోన్ అనే రసాయనం ఉంది, కాలేయంపై దాని ప్రభావం గురించి విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. ఆ రసాయనం నిర్మాణాన్ని 1956లో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. గోవిందాచారి బృందం మద్రాసులో వెల్లడించింది. వారు దాన్ని వేరుచేసింది పచ్చ గుంటగలగర నుంచి. తరువాత గుంటగలగరలోనూ అది ఉన్నట్టు తేలింది. గడ్డిచామంతికి ఈ రసాయనంతో అలాంటి గుర్తింపు లేదు. దాని గుణాలు దానివి. ఒకదానిపై జరిగిన పరిశోధనను మరొకదానికి అన్వయించడం తప్పు.

ఎండు సరుకును పరీక్షించడం

పచ్చి మొక్కను కంటితో తేల్చవచ్చు. ఎండి, ముక్కలై, పొడిగా వచ్చిన సరుకులో పూకాడ పొడవు, ఆకు అతుకు మాయమవుతాయి. అప్పుడు తొలి పరీక్ష సూక్ష్మదర్శిని కింద జరుగుతుంది. పూతతో కోసిన గడ్డిచామంతి పొడిలో ఈకల్లాంటి కేశగుచ్ఛం ముక్కలు కనిపిస్తాయి. గుంటగలగర పొడిలో అవి ఉండవు, బుడిపెల కాయ ముక్కలు ఉంటాయి.

రెండవ పరీక్ష రసాయనికం. క్రోమటోగ్రఫీ పద్ధతితో వెడెలోలాక్టోన్ కోసం వెతుకుతారు. అది లేకపోతే సరుకు గుంటగలగర అన్న మాటను అనుమానించాలి. ఉన్నంతమాత్రాన గుంటగలగరేనని చెప్పలేం, పచ్చ గుంటగలగరలోనూ అది ఉంటుంది కాబట్టి. రసాయన పరీక్షకు ఆకార పరీక్ష తోడుంటేనే నమ్మకమైన ఫలితం వస్తుంది.

సేకరణలో జాగ్రత్తలు

మందుకోసం కోసేవారు పూత, కాయ ఉన్న కొమ్మలను ఎంచుకోవడం మంచిది. లేత మొక్కలను పూత రాకముందే పీకితే ఏ మొక్కో తేల్చే ఆధారాలు పోతాయి. ప్రతి సేకరణ నుంచి ఒక కొమ్మను కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టి, తేదీ, స్థలం రాసి ఉంచుకుంటే తరువాత సందేహం వచ్చినప్పుడు కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో చూపించి నిర్ధారించుకోవచ్చు.

గుంటగలగర మురుగు కాలువల పక్కన కూడా పచ్చగా, ఏపుగా పెరుగుతుంది. మొక్కలు నేలలోని భారలోహాలను పీల్చుకుంటాయి కాబట్టి అలాంటి చోట కోసిన ఆకును కూరకూ మందుకూ వాడకూడదు. కలుపు మందు చల్లిన గట్ల మీది మొక్కలనూ వదిలేయాలి. అమ్మేవారు తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా రాయడం, కొనేవారు దాన్ని అడగడం అలవాటైతే ఈ రెండు మొక్కల మధ్య తికమక చాలావరకు తగ్గుతుంది. పేరు ఊరూరికీ మారుతుంది. అయిదు లక్షణాలు మాత్రం ఏ ఊళ్ళోనైనా అవే.